గుడివాడ తోడి

ఒక మనిషి ఎడమ చెవిని నేను నా కుడిచేత్తో పాడుచేశాను. గట్టు తగాదా కాదు, పార్టీల గొడవ కాదు. తోడి రాగం గురించి కొట్టాను. ఒకే మేళం గుడివాడలో వాయించిన తోడి గొప్పదా, ఇబ్రహీంపట్నంలో వాయించిన తోడి గొప్పదా అన్న మాట దగ్గర మొదలై చెంపదెబ్బ దగ్గర ఆగింది. ఈ సంగతి చెబితే నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి లేస్తుంది. అంత జరిగినా బుద్ధి రాలేదనుకోండి.

డెబ్బైల మొదట్లో బెజవాడ పటమటలో నాకొక రేడియో రిపేరు కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకు మైకు సెట్టు అద్దెకిచ్చేవాణ్ణి. కోపం ముక్కు మీద ఉండేది. మా నాన్న ఎడ్లను కొట్టే చెర్నాకోలతోనే మమ్మల్నీ కొట్టేవాడు. ఆయన చెయ్యి నాకొచ్చింది, ఆయన వ్యవసాయం రాలేదు. ఎంత అతికించినా అతకని వైరు మీద కోపమొచ్చి, బాగుచేస్తున్న రేడియోనే నేలకేసి కొట్టి, దాని సొంతదారుకు కొత్తది కొనిచ్చిన రోజు కూడా ఉంది. మా ఆవిడ అన్నం క్యారేజీ తెచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగి, నా మొహం చూసి, లోపలికి రావాలో క్యారేజీ అక్కడే పెట్టి పోవాలో తేల్చుకునేది.

ఆ కోపం చల్లారే చోటు ఒకటే ఉండేది. చల్లారేది అనడం కూడా తప్పే, అక్కడ దానికి పని దొరికేది. ఆ రోజుల్లో మా డెల్టాలో ఒక సన్నాయి మేళం ఉండేది. అన్నదమ్ములిద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, శ్రుతిపెట్టెకు ఒకడు. అన్నను అందరం పెద్దాయన అనేవాళ్ళం. సన్నాయి అంటే మంగళకరంగా, మెత్తగా ఉంటుందనుకునేవాళ్ళు పెద్దాయనను విననివాళ్ళు. ఆయన రాగం ఎత్తుకుంటే గొంతు పట్టుకుని గోడకు నొక్కినట్టుండేది. ఇక వదిలేవాడు కాదు. తమ్ముడు అందుకుని ఇంకాస్త నొక్కేవాడు. డోలు వాళ్ళ వేళ్ళ తొడుగులు ఊడిపోయి తోలు మీద నెత్తురు మరకలు పడేవి, అయినా ఆపేవాళ్ళు కాదు. మధ్యలో అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు చూసుకునే చూపు చూస్తే, వీళ్ళు ఒక ఇంట్లో అన్నం తింటారంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

వాళ్ళు ఏ రాగాన్నీ రెండుసార్లు ఒకలాగ వాయించలేదు. అదే తోడి ఒక ఊళ్ళో పావుగంట, ఇంకో ఊళ్ళో గంటన్నర. ఎక్కడ మునుగుతారో, ఎక్కడ తేలతారో వాళ్ళకే తెలియదు. అందుకని ఒక ఊళ్ళో విన్నవాడికీ ఇంకో ఊళ్ళో విన్నవాడికీ పడేది కాదు. నా దగ్గర మద్రాసు నుంచి తెప్పించిన స్పూలు టేపురికార్డరు ఉండేది. కరెంటు మీదా నడుస్తుంది, బ్యాటరీ సెల్సు మీదా నడుస్తుంది. మైకు సెట్టు నాదే కనక పెళ్ళివాళ్ళు అడ్డు చెప్పేవాళ్ళు కాదు. ఊరంతా వినడానికి ఒక మైకు, పక్కనే నా టేపుకు ఇంకో మైకు పెట్టేవాణ్ణి. మూడేళ్ళలో అల్మారా నిండింది. ప్రతి స్పూలుకూ ఊరి పేరే పేరు. కూచిపూడి కాంభోజి, అవనిగడ్డ ఖరహరప్రియ, ఇబ్రహీంపట్నం తోడి, గుడివాడ తోడి.

ఆదివారం పొద్దున కొట్టు తలుపు ఓరగా వేసి ముగ్గురం కూర్చునేవాళ్ళం. ఒకరు రిటైరైన పోస్టుమాస్టరు గారు. ఏ టేపులో ఏ సంగతి ఎన్నో నిమిషంలో వస్తుందో పాత టెలిగ్రాం ఫారాల వెనక పెన్సిలుతో రాసి పెట్టేవారు. ఆయన సాక్ష్యం లేకుండా ఏ తగువూ తెగేది కాదు.

"అవనిగడ్డలో పదకొండో నిమిషం దగ్గర తమ్ముడు తడబడ్డాడండీ. అన్న అందుకుని కాపాడాడు" అనేవారు ఆయన.

"కాపాడలా మాస్టారూ, తొక్కేశాడు. మళ్ళీ ఇనండి" అనేవాడు మూడో మనిషి.

మళ్ళీ వేసేవాణ్ణి. అదే ముక్క పదిసార్లు వేసేవాణ్ణి. కాపాడాడా తొక్కేశాడా అన్నది తేలేలోగా కాఫీలు రెండుసార్లు వచ్చి చల్లారిపోయేవి. మాలో మాకు అయితే మాటలతో సరిపోయేది. బయటివాళ్ళతో అలా కాదు. బందరు నుంచి వచ్చిన ఒకాయన మా ఖరహరప్రియ మొత్తం విని, "ఫరవాలేదండీ" అని లేచాడు. నేను బయటికి వెళ్ళి, ఆయన సైకిలు ఎత్తి బందరు కాలవలో పడేసి వచ్చాను. ఇంకొకణ్ణి, డోలు ఎక్కువైందన్నందుకు, చొక్కా చిరిగేదాకా కొట్టాను. ఆ కొట్టడంలో నాకొక న్యాయం ఉందని అనుకునేవాణ్ణి.

మూడో మనిషి అన్నానే, అతని చెవే నేను పాడుచేసింది. అతను చేపల మార్కెట్లో వేలంపాట నడిపేవాడు. నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు ఊరు వాళ్ళది. తాతా తండ్రీ వలలు లాగారు, ఇతను తన గొంతు తీసుకుని బెజవాడ వచ్చాడు. ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కులం వేరు, ఊరు వేరు, అయినా నేను అతన్ని బావా అనేవాణ్ణి, అతనూ నన్ను బావా అనేవాడు. గొంతు కంటే గొప్పవి అతని చెవులు. మార్కెట్లో గంప చుట్టూ చేరి నలభై మంది ఒక్కసారే అరుస్తుంటే, తల తిప్పకుండా, ఆఖరి మాట అన్నవాడి వైపు వేలు చూపించి "నీదే" అనేవాడు. అది తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మేళం దగ్గరా అంతే. అన్నదమ్ములిద్దరికీ సరిగ్గా నడిమికి వెళ్ళి నిలబడేవాడు.

"ఎడం చెవి పెద్దాయనకి, కుడి చెవి తమ్ముడికి ఇచ్చేశా బావా. ఆళ్ళిద్దరూ నా బుర్రలోకొచ్చి కొట్టుకుంటారు" అనేవాడు.

నా టేపులంటే అతనికి చిన్నచూపు. "చేప కడిగిన నీళ్ళు బావా ఇయ్యి. చేప ఆడే ఉండిపోయింది" అనేవాడు. అయినా ఒక్క ఆదివారం కూడా మానేవాడు కాదు. నేను తిట్టేవాణ్ణి, అతను నవ్వేవాడు, మా ఆవిడకు ఇవ్వమని ఆకులో చుట్టిన చందువా చేపలు బల్ల మీద పెట్టి పోయేవాడు.

ఇక గుడివాడ సంగతి. పగటి ముహూర్తం. తాళి కట్టడం అయిపోయింది, భోజనాలకు ఇంకా వేళ కాలేదు. ఆ సందులో పెద్దాయన తోడి ఎత్తుకున్నాడు. పన్నెండు నిమిషాలు నడిచింది. అప్పుడు పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, చేతికర్రతో సన్నాయి మూతిని తట్టి, "చాల్లేవయ్యా ఏడుపు, ఏదన్నా సినిమా పాట వాయించు" అన్నాడు. పెద్దాయన ఆపలేదు. కళ్ళు కూడా తెరవలేదు. ఆగలేకపోయింది నేను. ఆ కర్ర లాక్కుని దాంతోనే అతని మోకాలి మీద కొట్టాను.

ఆ తరవాతది నాకు తెలిసింది తక్కువ. మగపెళ్ళివారు పదిమంది మీద పడ్డారు. మడతకుర్చీ ఒకటి నా వీపు మీద విరిగింది. కాళ్ళు పట్టుకుని పందిరి వెనక్కి, వంటపొయ్యిల దాకా ఈడ్చుకెళ్ళి, మొహం బూడిదలో పెట్టి అదిమి మరీ తన్నారు. ముందు పన్ను ఒకటి అక్కడే వదిలేసి వచ్చాను. ఆ తొక్కిడిలో ఎవరి కాలో తగిలి నా టేపురికార్డరు కరెంటు వైరు ఊడిపోయింది. మిషను మాత్రం ఆగలేదు, లోపలున్న సెల్సు మీద నడుస్తూ పోయింది. సామాను సర్దేటప్పుడు ఊడిన వైరు చూసి, టేపు ఆగిపోలేదు కదా అని సంతోషించాను కూడా. ఆ సెల్సు పోయిన ఎండాకాలం నుంచి అందులోనే పడి ఉన్నాయన్నది నాకు గుర్తు రాలేదు.

పెద్దాయన ఆ తోడి ఇంకో ముప్పావుగంట వాయించాడు. నేను వినలేదు. మా బావ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. నన్ను ఈడ్చుకుపోతుంటే చూసి కూడా లేవలేదు. "నువ్వు ఎట్టాగూ లేచి వస్తావని తెలుసు బావా. తోడి మళ్ళీ రాదుగా" అన్నాడు బస్సులో. దానికి నాకు కోపం రాలేదు. అతని బదులు నేనున్నా లేచేవాణ్ణి కాదు.

టేపు కొట్లో వేసి వింటే మతిపోయింది. మొదటి పన్నెండు నిమిషాలు నిదానం. తరవాత కొట్లాట. కుర్చీ విరగడం, నా అరుపు, ఎవడో మా అమ్మను తిట్టిన తిట్టు, అన్నీ ఉన్నాయి. ఆ గోల సద్దుమణిగేసరికి సన్నాయి మారిపోయింది. శ్రుతి పైకెక్కింది, నడక పెరిగింది. పోనుపోను ఇంకా పైకి, ఇంకా వేగం. చివరి పది నిమిషాలు మనిషి వాయించినట్టు లేదు. ఆఖర్న జనంలోంచి ఒక ఆడగొంతు "కొట్టాడయ్యా" అంటుంది. నిండు పెళ్ళిలో ఆడమనిషి కూడా నోరు ఆపుకోలేకపోయిందంటే చూడండి అని పోస్టుమాస్టరు గారు చేతి మీద లేచిన వెంట్రుకలు చూపించేవారు.

దానికి నేనొక కథ కట్టాను. అవమానం జరిగేసరికి పెద్దాయనకు ఒళ్ళు మండిందనీ, చేతిలో ఉన్న సన్నాయి పక్కన పెట్టి, హెచ్చు శ్రుతిలో పలికే పొట్టి సన్నాయి తీశాడనీ. నేను చూడలేదు, బూడిదలో ఉన్నాను. అయినా చూసినట్టే చెప్పాను. చెప్పగా చెప్పగా చూశాననే అనుకున్నాను. నా పన్ను పోయినందుకే ఆ తోడి పుట్టిందని నా నమ్మకం. ఏలూరు నుంచీ తెనాలి నుంచీ మనుషులు ఖాళీ స్పూళ్ళు పట్టుకుని నకలు తీసుకోవడానికి వచ్చారు. వచ్చినవాడికి ముందు పంటి సందు చూపించి, తరవాత టేపు వేసేవాణ్ణి.

ఏడాది తరవాత ఒక ఆదివారం అదే టేపు నడుస్తోంది. పోస్టుమాస్టరు గారు తన కాగితాలన్నీ చూసుకుని, ఉన్న వాటన్నిటిలో గుడివాడ తోడిదే మొదటి స్థానం అన్నారు. నేను సరే అన్నాను. మా బావ తల అడ్డంగా ఊపాడు.

"ఇబ్రహీంపట్నమే. అందులో ఆయన గాలి ఆయనది. ఇందులో ఏందో దొంగతనం ఉంది."

"దొంగతనం ఏంటి?" అన్నాను.

"పొట్టి సన్నాయి తియ్యలా బావా. నేను ఎదురుగుండా కూకున్నా. మొదట్నుంచీ ఆఖరుదాకా ఒకటే సన్నాయి."

"మరి టేపు అబద్ధం చెబుతోందా?"

"సన్నాయి మార్చాడే అనుకో. డోలు కూడా పైకి పోయింది గదా. డోలు మార్చాడా? శ్రుతిపెట్టె మార్చాడా? నీ మిషనే ఎక్కడో తేడా చేసింది. చూసుకో."

పోస్టుమాస్టరు గారి పెన్సిలు ఆగిపోయింది. ఆయనకు అర్థమైంది. నాకూ ఎక్కడో తగిలింది, అందుకే ఒళ్ళు ఇంకా మండింది. ఆ మిషను నాది, రేడియో మెకానిక్కును నేను. అతను అక్కడితో ఆగినా బాగుండేది. ఎప్పుడూ ఆటపట్టించినట్టే నవ్వుతూ, "అయినా నీకెట్టా తెలుస్తది బావా, ఆ యేళ నువ్వు పొయ్యికాడ తన్నులు తింటన్నావుగా" అన్నాడు.

కొట్టాను. అరచెయ్యి మొత్తం చెవి మీద పడింది. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. అతను స్టూలు మీంచి పక్కకు ఒరిగి అల్మారాకు గుద్దుకున్నాడు, స్పూళ్ళు నాలుగు అతని మీద పడ్డాయి. నేను ఆగలేదు. కాలరు పట్టుకుని లేపి రెండోది కొట్టబోయాను. పోస్టుమాస్టరు గారు వెనక నుంచి నా నడుము పట్టుకుని, "వద్దండీ, నెత్తురండీ, నెత్తురొస్తోందండీ" అంటున్నారు. అప్పుడు చూశాను. చెవిలోంచి సన్నగా కారి మెడ మీదికి వస్తోంది. టేపు తన మానాన తాను తిరుగుతోంది.

అతను తిరిగి కొట్టలేదు. కొట్టలేక కాదు, నిండు చేపల గంప ఒంటిచేత్తో ఎత్తే మనిషి. చెవి మీద చెయ్యి పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఈల ఏస్తందోయ్ లోపల" అన్నాడు. కండువాతో మెడ తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేనప్పుడు ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. తిక్క కుదిరింది అనుకున్నాను.

మూడు వారాలు అతను రాలేదు, నేను వెళ్ళలేదు. పోస్టుమాస్టరు గారు కూడా రావడం మానేశారు. నాలుగో వారంలో మా బావ భార్య వచ్చింది. కూర్చో అక్కా అంటే కూర్చోలేదు.

"గంప జారి మీద పడిందని అందరికీ చెప్పాడు. నాకూ అదే చెప్పాడు. జొరం తగిలాక అసలు సంగతి బయటపెట్టాడు" అంది. చెవిలో చీము పట్టిందట. గవర్నరుపేటలో చెవి డాక్టరుకు చూపించారట. లోపలి పొర చిరిగి, చీము లోపలికి దిగిపోయిందనీ, ఆ చెవి మీద ఇక ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడట.

నేను ఏదో అనబోయాను.

"ఆ చేత్తోనే రెండోది కూడా తీసెయ్యి తమ్ముడూ. ఒక పనైపోద్ది. ఆదివారం వచ్చేసరికి నీ కొట్టుకి పోతానని నా పేణం తియ్యకుండా ఉంటాడు" అంది. అరవలేదు. బజారులో బేరమాడినంత మామూలుగా అని వెళ్ళిపోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ టేపు ఉండకూడదనుకున్నాను. గుడివాడ స్పూలు తీసి, కత్తెర పక్కన పెట్టుకుని, కోసే ముందు ఒక్కసారి విందామని మిషను మీద పెట్టాను. ఆఖరి దాకా విన్నాను. ఆ ఆడగొంతు దగ్గరికి వచ్చేసరికి ఇక భరించలేక, మీట నొక్కాల్సింది పోయి తిరుగుతున్న స్పూలునే బొటనవేలితో అదిమాను. టేపు నెమ్మదించింది. ఆడగొంతు లావెక్కింది. చెయ్యి తీసేశాను. వెనక్కి తిప్పి మళ్ళీ వేసి, ఈసారి తెలిసే నొక్కాను. చేపల మార్కెట్టు గొంతు. "కొట్టాడయ్యా" అన్నది మా బావ.

సెల్సు నీరసపడితే మోటారు నెమ్మదిస్తుంది. నెమ్మదిగా ఎక్కిన టేపును తరవాత మామూలు వేగంతో వేస్తే అన్నీ పైకి లేస్తాయి. సన్నాయీ, డోలూ, మగవాడి గొంతూ. సెల్సు చచ్చేకొద్దీ శ్రుతి ఎక్కుతూ పోతుంది. ఇది తెలియని మెకానిక్కు ఉండడు. ఎవరు టేపు తెచ్చినా రెండు నిమిషాలు విని, "సెల్సు మార్చండి బాబూ" అని పంపించే మనిషిని నేను. నా టేపు దగ్గర ఆ ముక్క తోచలేదు, తోచనివ్వలేదు. పెద్దాయన కోపమని మేము ఏడాది పాటు చేతులెత్తి మొక్కింది చచ్చిపోతున్న సెల్సుకు. నేను బావను కొట్టింది కూడా దానికోసమే.

మర్నాడు పొద్దున్నే చేపల మార్కెట్టుకు వెళ్ళాను, చెబుదామనే. అప్పటికే పాట జరుగుతోంది. జనం అరుస్తున్నారు. ఎన్నడూ తల తిప్పనివాడు అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు. ఎడమ పక్కనుంచి ఒకడు ఆఖరి మాట అరిచాడు. అతను కుడి పక్కకు తిరిగి వేరేవాడికి వేలు చూపించి "నీదే" అన్నాడు. ఆ వారంలో అలా జరగడం మూడోసారట. ఎడమ పక్కవాడు గంప దాటుకుని వచ్చి రొమ్ము మీద గుద్దాడు. అతను ఐసునీళ్ళలో కాలు జారి పడ్డాడు. పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు వాడు. "చెవిటోడా, ఎవడి దగ్గర తిని వాడికి కొట్టావురా పాట" అంటూ ఇంకోటి తన్నాడు.

ఐసుగడ్డలు పగలగొట్టే గునపం నా చేతికి అందింది. ఎత్తాను కూడా. వాడి మాడు నా కళ్ళకు స్పష్టంగా కనపడుతోంది, ఎక్కడ దిగాలో కూడా తెలుసు. నా మణికట్టు దగ్గర గట్టిగా ఎవరో పట్టుకున్నారు. కింద నుంచి లేచి వచ్చి మా బావే పట్టుకున్నాడు.

"దించు బావా. నాకింక ఒకటే ఉంది" అన్నాడు.

ఆ మాటకు గునపం దానంతటదే జారిపోయింది. అక్కడే, ఆ చేపల నీళ్ళలో నిలబడి చెప్పాను. సెల్సు అయిపోయాయి, టేపు తప్పు, వేలితో స్పూలు అదిమితే తెలిసింది, పెద్దాయన సన్నాయి మార్చలేదు, నువ్వన్నదే నిజం అని. అతను కుడి చెవి నా వైపు తిప్పి విన్నాడు.

"తెలుసుగా నాకు. కళ్ళారా చూశానుగా" అన్నాడు.

"కొట్టు బావా. నన్ను కొట్టు. రెండు చెవులూ పగలగొట్టు" అన్నాను.

"నువ్వు చెవిటోడివైతే ఇంకెవరు ఇంటారు, ఊరుకో" అన్నాడు. వారం తిరక్కుండా మార్కెట్టువాళ్ళు పాట ఇంకొకరికి ఇచ్చేసి, అతన్ని గంపలు మోసే పనిలో పెట్టారు. వాళ్ళను కొట్టడానికి నాకు ముఖం లేదు.

రెండు నెలల తరవాత కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో స్వామివారి కల్యాణం. పొద్దున పూట ఊరేగింపు, మా మేళమే. నేనే బలవంతాన తీసుకెళ్ళాను. టేపురికార్డరు తీసుకెళ్ళలేదు. "ఎదురుగా వింటేనే వినడం అనేవాడివిగా, పద" అన్నాను. నేనేదో గొప్ప ఉపకారం చేస్తున్నాననుకున్నాను. అతను పాత అలవాటు చొప్పున అన్నదమ్ముల నడిమికి వెళ్ళి నిలబడ్డాడు. ఎడమ పక్క పెద్దాయన, కుడి పక్క తమ్ముడు, ఆ కుడి పక్కనే డోళ్ళు రెండూ. నేల అదిరేట్టు కొడుతున్నారు.

అతను కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత తెరిచాడు. తల తిప్పి పెద్దాయన మొహం చూశాడు, మళ్ళీ తిప్పి తమ్ముడి మొహం చూశాడు. ఎవరి బుగ్గలు ఉబ్బుతున్నాయో చూసుకుంటున్నాడని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. నా భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవురు బావా వాయిస్తంది?" అని అడిగాడు.

ఒక్క ఊపిరి వింటే అన్నో తమ్ముడో చెప్పే మనిషి అడిగాడు. "పెద్దాయన" అన్నాను. "ఇప్పుడు?" అన్నాడు. "తమ్ముడు" అన్నాను. ఆ వీధి పొడుగునా అలా అతని కుడి చెవిలో అరుస్తూ నడిచాను. ఏడ్చాను, చెప్పడానికి సిగ్గు లేదు. మలుపు దగ్గర అతను ఆగిపోయి, మేళాన్ని ముందుకు పోనిచ్చాడు.

"అంతా ఒకటే ముద్ద కింద ఇనపడతంది. విడదియ్యలేకపోతన్నా. ఇంటికి పోదాం పద. టేపైతే నాకేం తేడా లేదులే. దానికీ ఒకటే నోరు, నాకూ ఒకటే చెవి" అన్నాడు.

చేప కడిగిన నీళ్ళన్నవాడు ఆ మాట అన్నాడు. దారంతా బస్సులో నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. నేను కొట్టింది చెవి మీదే అనుకున్నాను అప్పటిదాకా. అతని దగ్గర ఏం తీసుకున్నానో ఆ వీధిలో తెలిసింది.

తరవాతి ఆదివారం కొట్టుకు వచ్చాడు. వస్తూనే, "గుడివాడది వెయ్యి. సరిగ్గా వెయ్యి" అన్నాడు. మోటారుకు వోల్టేజి తగ్గించే ఏర్పాటు ఏదైనా చేస్తాను, రెండు రోజులు ఆగమన్నాను. "ఎందుకు, వేలుందిగా" అన్నాడు. స్పీకరుకు కుడి చెవి ఆనించి కూర్చున్నాడు.

పన్నెండు నిమిషాలు దాని మానాన పోనిచ్చాను. కొట్లాట వచ్చింది, కుర్చీ విరిగింది, నన్ను తిట్టారు. అప్పుడు స్పూలు మీద బొటనవేలు ఆనించాను. అతను చెయ్యి కాస్త కిందికి ఊపి, "ఇంకొంచెం నొక్కు" అన్నాడు. నొక్కాను. సన్నాయి దిగి వచ్చి తన శ్రుతిలో కూర్చుంది. గుడివాడలో నిజంగా వాయించిన తోడి నేను మొదటిసారి అప్పుడే విన్నాను. అందులో కోపం లేదు, వేగం లేదు. మేము పొయ్యి దగ్గర కొట్టుకు చస్తుంటే పెద్దాయన మమ్మల్ని లెక్కే చెయ్యలేదు. అంతకు ముందు ఎంత నిదానంగా వాయించాడో తరవాతా అంతే నిదానంగా వాయించుకుంటూ పోయాడు. నా పన్నుకూ ఆ తోడికీ ఏ సంబంధమూ లేదు.

సెల్సు చచ్చేకొద్దీ ఎక్కువ నొక్కాలి. "ఇంకొంచెం" అంటున్నాడు, నొక్కుతున్నాను. స్పూలు అంచు రాసుకుని వేలి తోలు లేచింది, తరవాత నెత్తురొచ్చింది. తియ్యలేదు. ముప్పావుగంట అలాగే పట్టుకున్నాను. ఆఖర్న, బావిలోంచి వచ్చినట్టు, "కొట్టాడయ్యా" అని వినిపించింది.

"ఎవురది?" అన్నాడు.

"నువ్వే బావా."

అతను స్పీకరు దగ్గర నుంచి తల తియ్యలేదు.

"అప్పటికి రెండూ ఉన్నాయి" అన్నాడు. చేత్తో మిషను తట్టి, "మళ్ళీ ఎయ్యి" అన్నాడు. స్పూలు వెనక్కి తిప్పి, అదే వేలు మళ్ళీ ఆనించాను.